పైపు తప్పు ట్యాంకుకు పెడితే.. దాచుడే అసలు నష్టం

2024 జనవరి 2 తారీఖును హైదరాబాదోళ్లు అంత జల్దీ మర్చిపోరు. హిట్ అండ్ రన్ కేసుల్లో శిక్ష పెంచిన కొత్త చట్టం మీద ట్యాంకర్ డ్రైవర్లు బండ్లు ఆపిన్రు. గంటల్లనే బంకుల ముంగట రోడ్ల మీది దాక లైన్లు కట్టినయి. ఒక్క పూట ట్యాంకర్ రాకుంటే ఊరు ఎట్ల ఆగుతదో ఆ రోజు అందరికీ తెలిసింది. తెల్లారి బండ్లు కదిలినయి, డ్రైవర్‌ను మల్ల అందరూ మర్చిపోయిన్రు.

ట్యాంకర్ రాకుంటే ఏమైతదో అందరూ చూసిన్రు. కానీ వచ్చిన ట్యాంకర్‌లోని పెట్రోల్ పోయి డీజిల్ ట్యాంకులో పడితే ఏమైతదో బంకులో పనిచేసేటోళ్లకు, మా అసొంటి డ్రైవర్లకే ఎరుక. దీని గురించి ఎవలూ మాట్లాడరు. జరిగినా బయటికి రానియ్యరు. ఎందుకు రానియ్యరో చెప్పాలంటే ముందు నా ముచ్చటే చెప్పాలె.

ఆ రాత్రి రెండు నిమిషాలు

పన్నెండేండ్ల కింద సంగతి. నాది 12 వేల లీటర్ల బండి, నాలుగు వేల లీటర్ల చాంబర్లు మూడు. ముందటి రెండింట్ల డీజిల్, ఎనుక దాంట్ల పెట్రోల్. జనగామ దాటినంక హైవే మీద ఒక బంకు, పేరెందుకు గానీ, నాకు కొత్తదేం కాదు. పది పదిహేను సార్లు పోయిన. భూమిలో రెండు ట్యాంకులు, వాటిలోకి సరుకు దించే మూతలు పక్కపక్కన. ఎడమ దిక్కుది డీజిల్, కుడి దిక్కుది పెట్రోల్. నా కండ్లకు అట్ల అలవాటైంది.

ఆ రాత్రి పన్నెండు దాటింది. నేను ఎప్పుడూ బండి పెట్టే జాగలో ఒక లారీ ఆగి ఉన్నది. దాంతోటి బండిని అవతలి దిక్కు నుంచి తిప్పి ఎనుకకు పెట్టిన. బండి తిరిగింది గానీ నా బుర్ర తిరగలే. కుడి, ఎడమ తారుమారైనయి. మూతల మీద రంగు ఎప్పుడో పోయింది. క్లీనర్ సెలవు మీద ఉన్నడు. పెట్రోల్ చాంబర్‌కు పైపు బిగించి, రెండో కొస తీసుకపోయి డీజిల్ మూతకు పెట్టి వాల్వ్ తిప్పిన.

రెండు నిమిషాలైనంక బంకు పిలగాడు డిప్ రాడ్ పట్టుకొని వచ్చిండు. "అన్నా, పెట్రోల్ ట్యాంకు ఇది గదనే. నువ్వు పైపు అండ్ల పెట్టినవేంది?" అన్నడు. గుండె జారింది. వాల్వ్ మూసిన. అప్పటికే ఆరు వందల లీటర్ల దాక దిగింది. కింద ట్యాంకులో ఏడు వేల లీటర్ల డీజిల్ ఉన్నది.

పిలగాడు నా కంటె ఎక్కువ భయపడ్డడు. "చెప్పకే అన్నా, నా నౌకరి పోతది" అన్నడు. నిజం చెప్పాలంటే నాకూ అదే ఆలోచన వచ్చింది. చూసినోళ్లు ఇద్దరమే. ఏడు వేలల్ల ఆరు వందలు, ఎవలికి తెలుస్తది? ఒక నిమిషం నిలబడ్డ. మల్ల పోయి మేనేజర్‌ను లేపిన. సరుకు దించుతున్నప్పుడు ఆ ట్యాంకు నుంచి అమ్మకం ఆపుతరు కాబట్టి ఒక్క బండిలోకీ పోలే. కంపెనీ ఆఫీసర్ పొద్దుగాల వచ్చిండు. శాంపిల్ తీసిన్రు, కలిసిన సరుకును కాగితాల మీద టెర్మినల్‌కు వాపస్ పంపిన్రు. అంతటితోటి అయిపోయింది.

నాకు మాత్రం అయిపోలే. ఆ కథ ఆఖరుకు చెప్త.

కలిస్తే ఏమైతది?

పెట్రోల్, డీజిల్ రెండూ క్రూడ్ ఆయిల్ నుంచే వస్తయి. కానీ గుణాలు వేరు. డీజిల్‌కు జిడ్డు ఉంటది. డీజిల్ ఇంజన్‌లో హైప్రెజర్ పంపు, ఇంజెక్టర్లు ఆ జిడ్డు మీదనే అరగకుండ తిరుగుతయి. అందుల పెట్రోల్ కలిస్తే జిడ్డు పోతది, లోహం లోహాన్ని రాకుతది. ఇప్పటి బీఎస్-6 బండ్లలో ఈ భాగాలు మస్తు ఖరీదు, మస్తు సున్నితం. పెట్రోల్‌లో డీజిల్ కలిస్తే ఇంకో తీరు. బండి జల్దీ స్టార్ట్ కాదు, పొగ గొడుతది, ప్లగ్గులు నల్లబడుతయి, నడిరోడ్డు మీద ఆగుతది.

ఇంజన్ కంటె పెద్ద సంగతి మంట. పెట్రోలియం నిబంధనల్లో పెట్రోల్ 'ఎ' క్లాసు, డీజిల్ 'బి' క్లాసు. 23 డిగ్రీల కంటె తక్కువ వేడికే అంటుకునే ఆవిరి ఇచ్చేది 'ఎ' క్లాసు. పెట్రోల్ అయితే సున్నాకు ఎంతో కిందనే ఆవిరి ఇస్తది. ఒక ట్యాంకు డీజిల్‌లో రెండు శాతం పెట్రోల్ పడ్డా అది వెనుకటి డీజిల్ కాదు. కలిసిన సరుకును మొత్తం పెట్రోల్ లెక్కనే చూసి జాగ్రత్త పడాలె. "డీజిలే గదా, ఏం కాదు" అని మామూలు మోటర్ పెట్టి తోడితే ఆ మోటర్ నిప్పురవ్వ చాలు.

ఇగ నీళ్లు. వానకాలం మూత సరిగ లేకుంటే భూమిలోని ట్యాంకులోకి నీళ్లు దిగుతయి. 2025 జూన్‌లో మధ్యప్రదేశ్‌లోని రత్లాం దగ్గర ముఖ్యమంత్రి కాన్వాయ్‌కు పోయే 19 బండ్లు డీజిల్ పోయించుకున్నంక ఆగిపోయినయి. డీజిల్‌లో నీళ్లు కలిసినయని తేలింది. ముఖ్యమంత్రి బండ్లు కాబట్టి వార్త అయింది, ఆటో ఆగితే వార్త కాదు. పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం దాక ఇథనాల్ ఉంటున్నది. ఇథనాల్ నీళ్లను గుంజుకుంటది. నీళ్లు ఎక్కువైతే ఇథనాల్, నీళ్లు కలిసి అడుగుకు దిగుతయి, పెట్రోల్ మీద తేలుతది. అందుకే ఇప్పుడు నీళ్ల పరీక్ష మీద ఎనుకటి కంటె ఎక్కువ కన్ను పెట్టాలె.

తప్పు ఏడ జరుగుతది?

టెర్మినల్ కాడ తప్పు జరుగుడు తక్కువ. చర్లపల్లిల గానీ, ఘట్‌కేసర్‌ల గానీ లోడు అయ్యేటప్పుడు కంప్యూటర్ ఉంటది, మీటర్ ఉంటది, ఏ చాంబర్‌లో ఏ సరుకో కాగితం మీద ఉంటది, సీల్ ఏస్తరు. తప్పు ఎక్కువగ ఆఖరు పది నిమిషాల్లో, బంకు కాడ, మనిషి చెయ్యి పైపు పట్టే కాడ జరుగుతది. దానికి కారణాలు నేను చూసినంతల ఇవి.

ఒకటి, అలవాటు. "మొన్న వచ్చినప్పుడు ఇదే గదా" అనుకునుడు. రిపేర్ చేసినప్పుడు బంకోళ్లు మూతలు మారుస్తరు, పెట్రోల్ ట్యాంకును డీజిల్‌కు వాడుతరు. మనకు ఎవలు చెప్తరు? రెండు, బండి నిలబెట్టే దిక్కు మారుడు. నాకు అయింది అదే. మూడు, ఏలుతోటి చూపెట్టుడు. "అగో అది" అని పిలగాడు దూరం నుంచి ఏలు చూపిస్తడు. ఏలు రెండు మూతల నడుమ ఉంటది. నాలుగు, నిద్ర. రెండు వందల కిలోమీటర్లు నడిపి రాత్రి రెండు గంటలకు దించేటోడి కండ్లు ఎట్లుంటయో చెప్పక్కర లేదు. ఐదు, తొందర. "స్టాక్ అయిపోయిందన్నా, గిరాకీ నిలబడ్డది, జల్దీ కానియ్యి" అని నెత్తి మీద నిలబడుతరు.

పైపు పెట్టే ముందు

నేను ఆ రాత్రి నుంచి ఈ వరస తప్పలే. కొత్త పిలగాండ్లకూ ఇదే చెప్త.

బండి సమానమైన నేల మీద పెట్టి ఇంజన్ బంద్ చేయాలె. ఎర్తింగ్ వైరు క్లిప్పు పెట్టాలె. ఫైర్ సిలిండర్ చేతికి అందేట్టు దించాలె. సరుకు ఊగుడు ఆగే దాక కొన్ని నిమిషాలు నిలబడాలె. ఆ నిమిషాల్లనే ఇన్‌వాయిస్ తీసి బంకు మేనేజర్ ముంగట గట్టిగ చదవాలె: ఒకటో చాంబర్ ఏంది, రెండోది ఏంది, మూడోది ఏంది. చాంబర్ నంబర్ క్యాబిన్ దిక్కు నుంచి లెక్కపెట్టుకుంటమని ఇద్దరూ ఒప్పుకోవాలె. సీల్ నంబర్లు కాగితంతోటి కలుస్తున్నయా చూడాలె.

తర్వాత ప్రతి చాంబర్ నుంచి శాంపిల్ తీసి డెన్సిటీ చూడాలె. జార్‌లో హైడ్రోమీటర్, థర్మామీటర్ ఏసి, వచ్చిన లెక్కను టేబుల్ చూసి 15 డిగ్రీల వేడికి మార్చాలె. ఎండకాలం సరుకు ఉబ్బుతది, డెన్సిటీ తగ్గుతది, అందుకే మార్చుడు. పెట్రోల్ అయితే ఘనపు మీటర్‌కు 720 నుంచి 775 కిలోల నడుమ ఉంటది. డీజిల్ మామూలుగ 820 మీదనే ఉంటది. ఇన్‌వాయిస్ మీద ఉన్నదానికి, మనం చూసినదానికి 3 కిలోల కంటె ఎక్కువ తేడా ఉంటే దించొద్దు, కంపెనీకి చెప్పాలె. రంగు, వాసన మీద భరోసా పెట్టుకోవద్దు. రాత్రి లైటుకు రంగు మోసం చేస్తది, రోజంతా ఆ వాసనల ఉన్నోడికి ముక్కు పనిచేయదు. హైడ్రోమీటర్ మాత్రం అబద్ధం చెప్పదు.

కింద ట్యాంకులో డిప్ ఏసి ఎంత సరుకు ఉన్నదో, ఎంత జాగ ఉన్నదో లెక్క కట్టాలె. 20 వేల లీటర్ల ట్యాంకులో 13 వేలు ఉంటే ఎనిమిది వేలు పట్టదు, పొంగి నేల మీద పారుతది. రాడ్ కొసకు వాటర్ పేస్ట్ రాసి నీళ్లు ఉన్నయా చూడాలె. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు దానికి పనిచేసే పేస్టే వాడాలె.

పైపు సంగతి చానా మంది మరుస్తరు. మూడు ఇంచుల పైపు నాలుగు మీటర్లు ఉంటే దాని కడుపులో పద్దెనిమిది లీటర్ల దాక పడుతది. డీజిల్ దించిన పైపునే ఉత్తగ చేయకుండ పెట్రోల్‌కు పెడితే ఆ పద్దెనిమిది లీటర్లు పోయి పెట్రోల్ ట్యాంకులో పడుతయి. పైపు లేపి పూర్తిగ ఒలకనియ్యాలె. చాంబర్ అడుగున కూడ ఏం మిగలకుండ చూడాలె. పెట్రోల్ మిగిలిన చాంబర్‌లో డీజిల్ నింపుడు టెర్మినల్ కాడ ఇంకో ప్రమాదం. ఆ ఆవిరికి స్థిర విద్యుత్ రవ్వ తగిలితే అంటుకుంటది.

ఆఖరుది, అన్నిటి కంటె అసలుది. వాల్వ్ తిప్పే ముందు పైపు రెండు కొసలూ ఇద్దరు మనుషులు చేత్తో ముట్టుకొని చెప్పాలె. నేను చాంబర్ కాడ నిలబడి "మూడో చాంబర్, పెట్రోల్" అనాలె. మేనేజర్ మూత మీద చెయ్యి పెట్టి "పెట్రోల్ ట్యాంకు" అనాలె. దూరం నుంచి ఏలు చూపెడితే లెక్కకు రాదు. ఒక్క నిమిషం పని ఇది. నవ్వేటోళ్లు నవ్వుతరు, నవ్వనియ్యి.

జరిగిపోతే ఏం చేయాలె?

ముందుగాల వాల్వ్ మూయాలె. పైపు ఆగం ఆగం గుంజొద్దు, నేల మీద ఒలుకుతది. బండి స్టార్ట్ చేయొద్దు. ఆ ట్యాంకుకు కలిసిన పంపులన్నీ బంద్ పెట్టించాలె. రెండు ట్యాంకులు లోపల పైపుతోటి కలిసి ఉంటే ఆ వాల్వ్ కూడ మూయించాలె.

రెండోది, చెప్పాలె. మేనేజర్‌కు, బండి ఓనర్‌కు, కంపెనీ ఆఫీసర్‌కు. ఎన్ని గంటలకు మొదలైంది, ఎన్నింటికి ఆపిన్రు, ఎవలెవలికి ఎప్పుడు ఫోన్ చేసిన్రు, కాగితం మీద రాసిపెట్టుకోవాలె. చాంబర్‌లో ఎంత మిగిలింది, ట్యాంకులో ఎంత పెరిగింది డిప్ ఏసి ఇద్దరూ సంతకం పెట్టాలె. శాంపిల్ తీసి సీల్ ఏయాలె. కానీ ఖాళీ కాగితం మీద ఎవలు అడిగినా సంతకం పెట్టొద్దు. చూసింది చూసినట్టు రాయి, "తప్పంత నాదే" అని ఎవలో చెప్పినట్టు రాయకు.

మూడోది, చేయొద్దన్నవి చేయొద్దు. మామూలు మోటర్‌తోటి తోడొద్దు. డ్రమ్ములల్ల నింపొద్దు. "ఇంకో నాలుగు వేల డీజిల్ పోస్తే కలిసిపోతది" అనేటోడు ప్రతి బంకులో ఒకడు ఉంటడు, వాని మాట వినొద్దు. అది నష్టాన్ని తగ్గించుడు కాదు, ఏడు వేల లీటర్ల నష్టాన్ని పదకొండు వేలు చేసుడు. ఆ సరుకు కంపెనీ చెప్పిన తీరుగ, కాగితాలతోటి వాపస్ పోవాలె. కడిగి, మల్ల పరీక్ష చేసినంకనే ఆ ట్యాంకు వాడాలె.

నాలుగోది, అప్పటికే ఎవలన్న పోయించుకున్నరా చూడాలె. బిల్లులు, కెమెరాలు చూసి ఆ బండ్లోళ్లకు ఫోన్ చేయాలె. బండి స్టార్ట్ చేయకముందే చెప్తే టాంకీ ఖాళీ చేసి కడిగితే సరిపోతది. స్టార్ట్ అయి పది కిలోమీటర్లు తిరిగినంక చెప్తే పంపు, ఇంజెక్టర్లు పోయేటట్టుంటది. ఇక్కడ ఒక్కొక్క నిమిషానికి రేటు ఉన్నది.

మామూలు జనానికి కూడ ఒక మాట. బంకు నుంచి ఎల్లంగనే బండి దగ్గితే, పొగ గొడితే, మల్ల మల్ల సెల్ఫ్ కొట్టకుండ్రి. ఆపి, బిల్లు పట్టుకొని బంకుకు పోండ్రి. పెట్రోల్ మీద అనుమానం ఉంటే ఫిల్టర్ పేపర్ అడగాలె, అది మీ హక్కు. నాజిల్ కొస తుడిచి ఒక చుక్క ఏస్తే మంచి పెట్రోల్ మరక లేకుండ ఆవిరైతది. డీజిల్ గిట్ల కలిస్తే మరక మిగులుతది.

చెప్పినోడికే శిక్ష పడితే?

ఇప్పుడు నా కథకు వస్త. ఆ రాత్రి నేను రెండు నిమిషాల్లో ఆపిన, చెప్పిన, ఒక్క బండి పాడు కాలే. మా ఓనర్ నన్ను ఒక్క మాట అడగలే. ఎనిమిది నెలలు నెలకు మూడు వేలు జీతంల నుంచి కోసిండు. మూతకు రంగు ఎందుకు లేదని బంకును ఎవలూ అడగలే. క్లీనర్ లేకుండ రాత్రి బండి ఎందుకు పంపినవని ఓనర్‌ను ఎవలూ అడగలే. మా యార్డుల ఇరవై మంది డ్రైవర్లు నా జీతం కోత చూసిన్రు. వాళ్లు ఏం నేర్చుకున్నరు? పైపు జాగ్రత్తగ పెట్టాలని కాదు. అయితే గియితే నోరు మూసుకోవాలని.

ఇదే నేను చెప్పాలనుకున్నది. మనిషి చెయ్యి ఉన్న కాడ ఎప్పుడో ఒకసారి తప్పు అయితది. తప్పు పెద్దగైతదా చిన్నగైతదా అన్నది తర్వాతి ఐదు నిమిషాల మీద ఉంటది. ఆ ఐదు నిమిషాల్లో డ్రైవర్ నోరు తెరుస్తడా లేదా అన్నది అంతకు ముందు చెప్పినోడికి ఏమైందన్న దాని మీద ఉంటది.

కలుసుడు కంపెనీలకు కొత్త కాదు. విశాఖ నుంచి విజయవాడ మీదుగ సికింద్రాబాద్ దాక వచ్చే పైపులైన్‌లో పెట్రోల్, డీజిల్ ఒకే పైపుల ఒకదాని ఎనుక ఒకటి వస్తయి. రెండూ తాకే కాడ కొంత కలుస్తది. ఆ ముక్కను డెన్సిటీ చూసి పట్టుకొని వేరే ట్యాంకులోకి మళ్లిస్తరు. అక్కడ ఎవల జీతం కోయరు. ఎందుకంటే కలుస్తదని ముందే ఒప్పుకున్నరు, దానికి ఒక పద్ధతి పెట్టుకున్నరు. పైపులైన్‌కు ఉన్న ఆ పద్ధతి పైపు పట్టే మనిషికి ఎందుకు ఉండొద్దు?

సరుకు దించే ముందు డిప్, డెన్సిటీ చూసుకునే బాధ్యత డీలర్ మీద కూడ ఉన్నది. అంటే ఇది ఒక్క డ్రైవర్ తప్పు ఎప్పుడూ కాదు. జీతం కోత సంగతిల చట్టం కూడ గట్టిగనే ఉన్నది. 1936 నాటి వేతనాల చట్టం గానీ, దాని జాగలో వచ్చిన 2019 వేతన కోడ్ గానీ, నష్టం పేరు మీద జీతం కోసే ముందు కార్మికుని సంజాయిషీ వినాలనే చెప్తున్నయి. కోతలన్నీ కలిపి జీతంల సగం దాటొద్దని కొత్త కోడ్ అంటది. ఇది తెలిసిన డ్రైవర్లు ఎంత మంది? నాకు ఆ రోజు తెల్వదు.

ప్రమాదకర సరుకు నడిపే డ్రైవర్లకు మోటారు వాహన నిబంధనల కింద మూడు రోజుల ట్రైనింగ్ ఉన్నది. అండ్ల ఒక పూట ఈ సంగతికి పెట్టాలె, ఉత్త పాఠం కాదు, పైపు చేతికిచ్చి చేయించాలె. ప్రతి బంకులో మూతలకు ఆరు నెలలకోసారి రంగు ఏసి, పేరు పెద్ద అక్షరాలతోటి తెలుగులో రాయాలె. రాత్రి లోడుకు క్లీనర్ లేకుండ బండి పంపొద్దు. అన్నిటి కంటె ముందు, ఎంటనే ఆపి చెప్పిన డ్రైవర్ జీతం ముట్టుకోవద్దు. దాచినోడికి శిక్ష ఏస్తే ఎవలూ కాదనరు.

బంకు పిలగాడు ఆ రాత్రి "చెప్పకే అన్నా" అన్నడు. వాడు చెడ్డోడు కాదు, భయపడ్డోడు. వాని భయం పోయిన రోజు మీ బండి టాంకీలో పడేది మీరు పైసలిచ్చిన సరుకే అయితది.